ఏడు మాత్రలు, పధ్నాలుగు పొట్లాలు

పక్కింటి ఇస్త్రీ ఆవిడ వీధి చివరి రొట్టెల కొట్టు దగ్గర నలుగురిలో అన్నదట: ఆ కుట్టుపని అక్క మందు మింగకుండా పారబోస్తోందనీ, లేకపోతే ఇన్నాళ్ళకి మళ్ళీ మూర్ఛ ఎందుకొస్తుందనీ. మాత్ర గొంతు దిగదంటే నూరి, రోజుకొకటి చొప్పున పొట్లాలు కట్టిచ్చే తమ్ముడు ఎంతమందికి దొరుకుతాడనీ. కొట్టువాడు ఈ మాటలు పొల్లుపోకుండా ఆ తమ్ముడికే అప్పజెప్పి, మెచ్చుకోలుగా ఒక రొట్టె ఎక్కువ వేశాడు. లెక్చరరైన ఆ తమ్ముడు తల వంచుకుని ఇంటిదారి పట్టాడు.

అక్క బట్టలు కుట్టి చదివిస్తే అతను కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాడయ్యాడు. దేన్నైనా ముక్కలు చేస్తూ పోతే చివరికి ఇక తెగని రేణువు మిగులుతుందనీ, కొండైనా చీమైనా ఆ రేణువుల కూడికేననీ ఏటేటా పిల్లలకి ఊదరగొడతాడు. ఈ నెల దానిమీదే వ్యాసం రాస్తున్నాడు. ఆసుపత్రిలో మందుల వరసలో నిలబడితే ఒక పూట గంగలో కలిసినట్టే. రేపు, ఎల్లుండి అని జరుపుకుంటూ వచ్చేసరికి డబ్బాలో ఏడు మాత్రలు మిగిలాయి. వాటిని మెత్తగా నూరి పధ్నాలుగు పొట్లాలు కట్టాడు. ఎంత చిన్న రేణువైనా మందు మందే, కొలత తగ్గితే గుణం ఎక్కడికి పోతుందని తనకు తానే పాఠం చెప్పుకున్నాడు. తొమ్మిదో రోజున అక్క కుట్టుమిషను మీదే ఒరిగిపోయింది. సూది చూపుడువేల్లో దిగింది.

ఇంటికొచ్చేసరికి ఇస్త్రీ ఆవిడ మంచం పక్కన చేరి అక్కకి చీవాట్లు పెడుతోంది. అక్క కట్టుకట్టిన వేలు ఒళ్ళో పెట్టుకుని, మందు సరిగ్గానే మింగుతున్నానని డాక్టరుతో చెప్పినట్టే ఆవిడకీ చెప్తోంది. అలాగైతే ఈ మందు పనిచేయడం లేదు, రేపటినుంచి దీనికి రెండింతలు ఘాటైంది రాస్తానన్నాడట డాక్టరు.

లెక్చరరు గుమ్మంలోనే ఆగిపోయాడు. నోరు మూసుకుంటే తన పరువు నిలుస్తుంది. అక్క ఒంటికి అక్కర్లేని మందు ఎక్కుతుంది.

"ఘాటు మందు వద్దక్కా. మందు పనిచేస్తోంది. నేనే సగం సగం కట్టాను, వరసలో నిలబడలేక."

ఇస్త్రీ ఆవిడ చప్పున మొహం తిప్పేసుకుంది. అతను రేణువుల సంగతేదో ఎత్తుకోబోయాడు.

అక్క నింపాదిగా అంది: "మొదటి పొట్లం విప్పినప్పుడే తెలిసిందిరా సగమే ఉందని. నువ్వే చెప్తావేమోనని తొమ్మిది రోజులు చూశాను."