పదిహేడో ఉపవాసం

"ఆ చేతులతో పిండి కలపమాకే, చపాతీలు కూడా మండిపోతయ్," అంది సువార్తమ్మ మంచం మీద నుంచి.

సలోమి అప్పటికి మూడుసార్లు మజ్జిగతో చేతులు కడుక్కుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండుమిరపకాయల తొడిమలు తుంచితే ఘాటు గోళ్ల సందుల్లోకి దిగి కూర్చుంటుంది. పన్నెండేళ్లుగా మిర్చి మిల్లులో ఇదే పని. చేతులు మండుతున్నాయా అని అత్తగారు ఏనాడూ అడగలేదు. తన చపాతీ మండుతుందేమోనని మాత్రం రోజూ అడుగుతుంది. కలపొద్దంది సరే, మరి ఎవరు కలపాలో చెప్పలేదు. సలోమి చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పిండి కలిపింది.

అప్పుడే మొగుడు జీవరత్నం చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. అదే మిల్లులో వ్యాన్ డ్రైవరు. మొహం వెలిగిపోతోంది.

"సలోమీ, దేవుడు మనవైపు చూశాడే! మేస్త్రి పని నీకిస్తానన్నాడు రామాంజనేయులు గారు. కుర్చీ, నెత్తిన ఫ్యాను. ఇంక జన్మలో తొడిమ ముట్టుకునే పనిలేదు."

సలోమి చెయ్యి ఆగిపోయింది. "నాకా? ఓనరు గారు నా పేరు కూడా సరిగ్గా పలకరు. ఎందుకిస్తారంట?"

జీవరత్నం గొంతు తగ్గించాడు. "రేపు పదకొండింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చిద్ది. మొన్న పొడి గదిలో ఆ ఖైరున్నీసా రోజా ఉండి నీరసంతో పడిపోయిందని చెప్పాలి. ముందు చూసింది నువ్వేగా. కాయితం కూడా వాళ్లే టైపు చేయించారు. సంతకం పెడితే చాలు."

"గదిలో గాలాడక పడిపోయిందండీ."

"అబ్బా! ఉపవాసం ఉన్నమాట నిజమా కాదా? నిజమేగా? మరి అబద్ధమేముంది అందులో?"

"మొగుడు మాటకి లోబడమంది వాక్యం," అంది సువార్తమ్మ లోపలి నుంచి. "చెప్పించుకోమాక."

సలోమి పెనం మీద చపాతీ వేసింది. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ కళ్లముందుకొచ్చింది. మిల్లులో అందరూ భయపడేది కారం పొడి బస్తాలకెత్తే గదికి. వారానికి ఒక్కరికి అక్కడ వంతు పడుతుంది. ఆ గది గోడకి గాలి బయటికి లాగే పెద్ద ఫ్యాను ఉంది, కానీ తిరగదు. తిరిగితే పొడి ఎగిరిపోయి తూకం తగ్గుతుందని ఓనరు దాన్ని కట్టేయిస్తాడు. మేస్త్రి అయినవాళ్లు పొద్దున్నే వచ్చి చేసే మొదటి పని ఆ స్విచ్ ఆపడమే. కేక విని సలోమి వసారాలో నుంచి పరుగెత్తేసరికి ఖైరున్నీసా మిషను పక్కన పడి ఉంది. నుదురు చిట్లి, రక్తం ఏదో కారం ఏదో తెలియకుండా ఉంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉంది. రోజా ఉండే ఆడవాళ్లని వచ్చే వారం నుంచి పనిలోకి రానివ్వనని ఓనరు అప్పుడే చాటించేశాడు.

వచ్చే వారం పొడి గది వంతు సలోమిది. మేస్త్రి అయితే వంతు ఉండదు. ఆ కుర్చీ తనకి అక్కర్లేదా? కావాలి. ఎంత కావాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పడుకునే ముందు కళ్లు తుడుచుకోగల చేతులు కావాలి. "సలోమి గారూ" అని ఒక్కరైనా పిలవడం కావాలి. ఒక్క సంతకం. అందులో సగం నిజమే కూడా. ఆ సగమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అరణ్యంలో నలభై రోజులు పస్తున్న ప్రభువు దగ్గరికి సాతాను ఎప్పుడు వచ్చాడు? ఆకలి వేసినప్పుడు వచ్చాడు. ఏం పట్టుకుని వచ్చాడు? అబద్ధం కాదు, వాక్యమే పట్టుకుని వచ్చాడు. తనకు అక్కరకొచ్చేంత వరకే చెప్పి, మిగతాది మింగేశాడు. పైకి నిగనిగలాడే కాయ తొడిమ ఊడదీస్తే లోపల నల్లగా బూజు ఉంటుంది. కళ్లు మూసుకుని వాసన బట్టి చెప్పగలదు తను. ఈ మాటలోనూ అదే వాసన.

ఆకలి సంగతి ఆమెకు బాగా తెలుసు, ఎందుకంటే సలోమి కూడా ఉపవాసంలో ఉంది. ఈ ఏడాది ఈస్టరు ముందొచ్చే శ్రమకాలం, రంజాన్ నెల ఒకే వారంలో మొదలయ్యాయి. పొద్దున, మధ్యాహ్నం ముద్ద ముట్టదు. సాయంత్రం ప్రార్థన చేసుకున్నాకే తింటుంది. ఉపవాసమున్నవాళ్లు మొహం వేలాడేసుకోకూడదని, తలకు నూనె రాసుకుని మొహం కడుక్కోవాలని ప్రభువు చెప్పాడు కదా అని ఎవరికీ చెప్పలేదు. దాచడానికి పెద్ద కష్టం కూడా పడలేదు. ఆమె తినడం ఆ ఇంట్లో ఎవరైనా చూస్తే కదా, తినకపోవడం కనపడేది! రెండు క్యారేజీల బదులు ఒక్కటే కడుతోందని పదహారు రోజులుగా మొగుడికి తెలియలేదు. మొన్న కూరలో ఉప్పు పిసరు తగ్గితే మాత్రం తెలిసింది.

తెలిసింది ఒక్క ఖైరున్నీసాకే. అందరూ అన్నాలకి లేచినప్పుడు ఇద్దరూ బస్తాల చాటున తేలారు. "నువ్వెందుకు తినట్లా అక్కా?" అని అడిగింది. చెబితే నవ్వింది. "ఇంకేం, మీ దేవుడికీ మా దేవుడికీ కలిపి ఇద్దరం పస్తులు," అంది. అప్పటినుంచి ఆ గంటసేపు ఇద్దరూ పక్కపక్కన గోడకి ఆనుకుని కూర్చునేవాళ్లు.

మర్నాడు షేర్ ఆటోలో కళ్లు మూసుకుని సలోమి ఒక్కటే అడిగింది. "ప్రభువా, కుర్చీ మీద ఆశ తీసేయమని అడగట్లా. అది పోదు. ఆశ ఉండగానే నోరు పెగిలేలా చెయ్యి."

పదకొండింటికి ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టర్ శ్రీరమ్య కూర్చుంది. పాతికేళ్లు దాటి ఎంతో ఉండవు. ఎదురుగా రామాంజనేయులు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని జీవరత్నం. టైపు చేసిన కాగితం, పక్కన పెన్ను.

"మా సలోమి చర్చి పిల్లండీ," అన్నాడు రామాంజనేయులు నవ్వుతూ. "చచ్చినా అబద్ధం ఆడదు."

ఇన్‌స్పెక్టర్ కాగితం పైకే చదివింది. ఖైరున్నీసా ఉపవాసం వల్లే స్పృహ తప్పిందని, గదిలో గాలి ధారాళంగా ఉందని, తిండి తిని వచ్చిన మిగతావాళ్లెవరికీ ఏమీ కాలేదని ఉంది. "ఇది నీ మాటేనామ్మా?"

సలోమి కాగితం వైపే చూసింది. తన ఉపవాసం సంగతి నలుగురిలో చెప్పడం గొప్పలు పోవడం అవుతుందా? ప్రభువు దాచమన్నది పొగడ్త కోసం చెప్పుకుంటారని. సాటి మనిషి మీద నింద పడుతుంటే దాచమనలేదు.

"కాదు మేడమ్. నేనూ ఉపవాసమే. ఇది పదిహేడో రోజు. మంగళవారం కూడా పచ్చి మంచినీళ్ల మీదే ఉన్నా."

జీవరత్నం నోరు తెరుచుకునే ఉంది.

"నేను వసారాలో ఉన్నా, అక్కడ గాలాడిద్ది. నాకేం కాలా. ఆమెని పొడి గదిలో పెట్టి ఫ్యాను కట్టేశారు. ఆమె పడిపోయింది. ఇద్దరం తిండి తినలా మేడమ్. తేడా గదిలో ఉంది."

"ఏయ్, ఏం మాట్లాడుతున్నావ్ నువ్వు?" రామాంజనేయులు లేచాడు. "నీరసంతో ఏదేదో..."

"నీరసం లేదండీ. కావాలంటే మేడమ్‌ని ఆ గదిలో అయిదు నిమిషాలు నిలబడమనండి. ఆవిడ టిఫిన్ చేసే వచ్చుంటారు."

ఇన్‌స్పెక్టర్ లేచింది. రామాంజనేయులు అడ్డుపడేలోపే సలోమి ముందు నడిచింది. పొడి గది తలుపు తీసింది. శ్రీరమ్య చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. ఒక నిమిషం. రెండో నిమిషంలో గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి, కళ్లల్లో నీళ్లు కారుతుండగా దగ్గుతూనే ఉండిపోయింది. ఊపిరి అందాక మొదటి మాట, "ఆ ఫ్యాను తిరిగేదాకా ఈ గదికి తాళం."

వసారాలో తొడిమలు తీస్తున్న నలభై మంది చేతులు ఆగాయి. చివరి వరసలో నుంచి షహనాజ్ లేచింది. "నేనూ చెబుతా మేడమ్. పోయినేడు నేనూ పడ్డా. అప్పుడు రంజాన్ కూడా కాదు." ఆమె పక్కన ఇంకొకామె లేచింది. ఆ పక్కన మరొకామె. శ్రీరమ్య టైపు కాగితాన్ని సాక్ష్యంగా ఫైల్లో పెట్టుకుని, తెల్ల కాగితం తీసి అందరి పేర్లూ, మాటలూ రాయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి మిల్లు గేటు బయట జీవరత్నం పట్టుకున్నాడు సలోమిని. అరవడానికే వచ్చాడు.

"బంగారం లాంటి మేస్త్రి పని నోటి దాకా వస్తే కాలదన్నావు! నా పని ఉంటదో ఊడిద్దో తెలవదు!"

"మీ పని ఊడదు. నలభై మంది పేర్లు రాసుకుంది ఆవిడ. ఇప్పుడు ఎవర్ని తీసినా ఆవిడే ముందు అడిగిద్ది."

అతను ఇంకేదో అనబోయి ఆగాడు. ఆమె మొహం చూశాడు. చాన్నాళ్ల తర్వాత చూసినట్టు చూశాడు. "పదిహేడు రోజులా? ఒక్క మాట చెప్పలేదేంటే నాకు?"

సలోమికి జవాబు నాలిక చివరే ఉంది. కానీ అతని గొంతులో మొదటిసారి సిగ్గు వినబడింది. దాన్ని కాసేపు అలా ఉండనివ్వాలనిపించింది.

"నేను పెద్దాసుపత్రికి వెళ్తున్నా. ఖైరున్నీసాకి ఈ సంగతి నేనే చెప్పాలి. సాయంత్రం రోజా విడిచేదాకా ఆమె దగ్గరే ఉంటా."

"మరి ఇంట్లో వంట? అమ్మకి, నాకు?"

ఆటో ఆగింది. సలోమి ఎక్కి కూర్చుని, కొంగు సర్దుకుని, నెమ్మదిగా అంది.

"నేను ఉపవాసం కదండీ. ఆకలైనవాళ్లు వండుకోండి."