మిల్లు కింద చాకిరేవు

సాలవ్వ ఉతికిన బట్టలు కట్టుకుంటే కుళ్లిన కుడితిలో మునిగి లేచినట్టుంటదని పక్కింటి రామవ్వ కిరాణా దుకాణం దగ్గర చెప్పిందట. ఆ మాట సాలవ్వ చెవిన పడేసరికే మూడిండ్లవాళ్లు ఆమెకు బట్టలివ్వడం మానేశారు. ఎల్లారెడ్డి పట్టణం పక్కనున్న ఆ ఊళ్లో మిల్లు ఓనరు ఇల్లే ఆమెకిక పెద్ద ఆధారం.

ఆ కంపు అందరికంటే ముందు తెలిసింది సాలవ్వకే. యాసంగి పంట వడ్లు రాగానే ఎగువనున్న ఉప్పుడు బియ్యం మిల్లు, వడ్లు నానబెట్టిన పచ్చటి నీళ్లను ఆమె బట్టలుతికే వాగులోకి వదలడం మొదలుపెట్టింది. రేవులో బండలకు చీమిడిలాంటి తెల్లటి జిగురు పట్టింది. చేపలు వెల్లకిలా తేలి ఉబ్బాయి. నీళ్లలో కాలు పెడితే పులిసిన వాంతిలో పెట్టినట్టే ఉండేది. ఇంటికొచ్చి సబ్బుతో ఎంత తోముకున్నా, ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి వేళ్లు అదే కంపు కొట్టేవి.

ఆ రోజు ఓనరు భార్య ప్రణీత, సాలవ్వ ముందురోజు ఉతికి ఇచ్చిన దుప్పట్ల మూటను కాలితో వాకిట్లోకి నెట్టింది.

"ఇదేం కంపు సాలవ్వా? అవి కప్పుకొని మా ఆయన కక్కినంత పని చేసిండు. ఏ మోరీల ఉతికినవ్?"

"వాగులనే అమ్మా."

"రేపటి నుంచి రాకు. ఇంకొకరిని చూసుకుంటం."

అరుగు మీద చాయ్ తాగుతున్న ఓనరు తిరుపతి తలెత్తలేదు. సాలవ్వ ఆయన వైపే తిరిగింది.

"ఇంకెవరొచ్చినా ఆ వాగులనే ఉతకాలె పటేలా. గిది నీ మిల్లు నీళ్ల వాసననే. దుప్పటి కప్పుకుంటెనే నీకు వాంతికొస్తే, నేను రోజూ అండ్ల నడుముదాక దిగి నిలబడుతున్న."