బావమరిదిగారి నెట్‌వర్క్ పాఠం

రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు తీసి ఇచ్చే ఆవిణ్ణి అందరూ అక్కా అనే పిలిచేవారు. యజమాని బావమరిదికి మాత్రం ఆవిడ మనసులోనే ఒక పేరు పెట్టుకుంది: మహానుభావుడు.

మహానుభావుడు ఎక్కడో చిన్న కోర్సు వెలగబెట్టి వచ్చి, ల్యాబులో కంప్యూటర్ల పెత్తనం నెత్తికెత్తుకున్నాడు. ఆయన లాప్‌టాప్ తెచ్చి కేబుల్ తగిలించాడంటే చాలు, ప్రింటరు మొండికేసేది. కౌంటరు దగ్గర జనం రిపోర్టుల కోసం పడిగాపులు పడేవారు. తిట్లన్నీ అక్కకే.

"అన్నీ ఒకేసారి నొక్కేస్తే పాపం అది మాత్రం ఏం చేస్తుంది అక్కయ్యగారూ?" అని ఇకిలించేవాడు.

బావమరిది మాటంటే యజమానికి వేదవాక్కు. "వీళ్లకి కాస్త నేర్పించు" అన్నాడు. పనివేళల్లోనే, రక్తం తీసే గదిలో అందర్నీ కూర్చోబెట్టి, గోడమీద తెర వేశారు.

"ఇంటర్నెట్ ఒక మహాసముద్రం. మనమంతా చేపలం" అని మొదలుపెట్టాడు మహానుభావుడు.

ఈ చేపకి గాలం వేసేవాడే లేడా అనుకుంది అక్క.

తర్వాత ఒక్క ముక్క మాత్రం సరిగ్గా చెప్పాడు, బట్టీ పట్టింది కనుక. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ అంకెలతో ఒక అడ్రస్ ఉంటుందట. పంపిందేదైనా ఆ అంకెలు చూసుకునే చేరుతుందట. మామూలుగా వాటిని రౌటరే పంచిపెడుతుందట.

"రౌటర్ పడేసింది ఏరుకునే రకం కాదు నేను. నాది నేనే పెట్టుకున్నా" అంటూ తన అడ్రస్ తెరమీద చూపించాడు. "చివర ఇరవై. గుండ్రంగా, గుర్తుండేలా!"

అక్క ఆ అంకెలు మరోసారి చదువుకుంది. మొండికేసిన ప్రింటరు ముందు నిలబడి నిలబడి దాని చిన్న తెరమీది అంకెలు ఆవిడకి కంఠతా వచ్చేశాయి. అచ్చం ఇవే. చివర ఇరవై.

ఆవిడ లేచి వెళ్లి, ఆయన లాప్‌టాప్ నెట్‌వర్క్ కేబుల్ పీకేసింది.

"ఏంటండీ ఇది?"

కాసేపటికి పక్కగదిలో ప్రింటరు గరగరమంటూ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది.

"రెండింటికీ ఒకటే అడ్రస్ పెట్టారు. నా రిపోర్టు పాపం ఏ గుమ్మం తొక్కాలి?" అంది అక్క.

మహానుభావుడి మొహం పాలిపోయింది. మరుక్షణమే వెలిగింది. "శభాష్! ఎవరు పట్టుకుంటారా అని కావాలనే పెట్టాను!"

యజమాని చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక మిగతావాళ్లూ కొట్టారు. సిగ్గులేని చేతులు అనుకుంటూ అక్క కాగితాలు తీసుకుని కౌంటరుకి వెళ్లి, ఒక్కొక్కరినే పిలిచి రిపోర్టులు అందించింది.

సాయంత్రం మహానుభావుడు పిల్లిలా వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కయ్యగారూ... ఆ నంబరు ఎక్కడ మార్చాలో కాస్త చూపిస్తారా? అప్పట్లో షాపువాడు పెట్టిచ్చాడు."

అక్క ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"పరీక్ష పెట్టింది మీరేగా బాబూ. మీరే రాసుకోండి" అని హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

ఆయన ఆ లాప్‌టాప్ మళ్లీ ల్యాబుకి తేలేదు. శిక్షణ దివ్యంగా జరిగిందని యజమాని మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.