పేరుతో సహా

ఇంజనీరింగ్ డ్రాయింగ్ మొదటి క్లాసులోనే దామోదర్ సార్ నన్ను మూడుగా విడదీస్తారు. ముందు నుంచి కనిపించే నేను బెంచీ దగ్గర నిలబడి ఉంటాను. పక్క నుంచి కనిపించే నేను కుడివైపు గోడకు ఆనుకుని ఉంటాను. పై నుంచి కనిపించే నేను, అంటే నడినెత్తి పాపిడి, రెండు భుజాలు, నా కాళ్ళ కింద నేల మీద పరుచుకుని ఉంటాను.

"సార్, తల కాళ్ళ కిందికి పోయింది," అంటాను.

"పై నుంచి చూసింది కిందే గీయాలి. ఇక్కడి పద్ధతి అంతే," అంటారు సార్.

ఇంటర్‌లో నాకు మంచి మార్కులొచ్చాయని కోరుట్ల బస్టాండ్ ముందు నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీలో నేను ఒక్క ముక్కగానే ఉన్నాను.

అరవై మందినీ విడదీశాక సార్ చేతికంటిన సుద్ద దులుపుకుంటారు. "శుక్రవారం లోపు ఎవరి షీటు వాళ్ళు గీసి తేవాలి. షీటులో ఎలా ఉంటే అలా కలిపి పంపిస్తాను. లోపల ఉన్నవి చుక్కల గీతలతో చూపించండి. చూపించకపోతే అవి ఉండవు."

ఆదివారం మా రజితక్క వస్తోంది, దసరా సెలవులకు నన్ను ఇంటికి తీసుకుపోవడానికి. పదో తరగతితో చదువు ఆపేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషి. నన్ను ఇక్కడిదాకా చదివించింది ఆ మిషనే. అక్క వచ్చేసరికి నేను నేనుగా కలిసి ఉండాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

హాస్టల్ గదిలో షీటు పరుచుకుని మొదలుపెడతాను. ముక్కు కుదురుతుంది. చెవులు కుదురుతాయి. చుక్కల గీతల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. నా లోపల ఏమున్నాయో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఫార్ములాలు ఉన్నాయనుకున్నాను, వెతికితే అవి కూడా లేవు.

నా రూమ్మేట్ రుక్సానా మంచం మీద బోర్లా పడుకుని తనను తాను గీసుకుంటోంది. ఒక భుజం పైకి పోయింది, ఒకటి కిందికి జారింది.

"గట్ల వంకరగ గీస్తే సారు వంకరగనే కలుపుతడు," అంటాను.

"కలపనీ. వంకరున్నా నేనే గద," అంటుంది.

నాకంత ధైర్యం లేదు. గురువారం మధ్యాహ్నం సెకండియర్ మాధవీలతను బతిమాలి ఆమె పోయినేటి షీటు తెచ్చుకుంటాను. దాన్ని కిటికీ అద్దానికి అంటించి, దాని మీద నా షీటు పెడితే, ఎండకు గీతలన్నీ పైకి తేలతాయి. వాటి మీదుగా పెన్సిల్ పోనిస్తే చాలు. గ్లాస్ ట్రేసింగ్ అనకుండా హాస్టల్లో దీన్ని జీటీ కొట్టడం అంటారు. అందరూ కొడతారు. మాధవీలత ఎవరిది కొట్టిందో నేను అడగను.

ఆమె చుక్కల గీతలు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూస్తే నాకు అసూయ పుడుతుంది. ఒక్కటీ వదలకుండా దించుతాను.

శుక్రవారం సార్ షీటు మీద ఎర్ర సిరాతో సంతకం పెట్టి, నా మూడు ముక్కల్నీ దగ్గరకు లాగి, అంచులు కలిపి నొక్కుతారు.

"చాలా నీట్‌గా ఉంది, మాధవీలతా," అంటారు.

షీటు కింది కుడి మూల, పేరు రాసే పెట్టెలోకి చూస్తాను. పేరు మాధవీలత. రోల్ నంబరు ఆమెదే. చివరి గీత దాకా దించే ఊపులో పేరుతో సహా దించేశాను.

చేతులు చూసుకుంటాను. పొడుగు వేళ్ళు, ఎడమ మణికట్టు మీద నాది కాని పుట్టుమచ్చ. ఆమె మూడు బ్యాక్‌లాగులు కూడా నాలోకి వచ్చేశాయి. నేనింకా రాయని మ్యాథ్స్ వన్‌లో ఎన్ని మార్కులకు తప్పానో నాకు గుర్తుంది.

"సార్, పొరపాటైంది. చెరిపేస్తాను."

"పెన్సిల్ గీత చెరపొచ్చు. సంతకమయ్యాక చెరిపితే అది ఫోర్జరీ," అంటారు సార్. తర్వాతి అమ్మాయిని పిలుస్తారు.

కారిడార్‌లో అసలు మాధవీలత ఎదురవుతుంది. ఆమెకు కోపం రాదు, జాలి కలుగుతుంది. "పేరు సుత దించినవా, పిచ్చిదానా? ఎవ్వలన్న పేరు ఇడిచిపెట్టి దించుతరు," అంటుంది. ఆమె గొంతు, నా గొంతు ఒకటే కాబట్టి నన్ను నేనే తిట్టుకున్నట్టు వినిపిస్తుంది.

ఆదివారం పదకొండింటికి అక్క విజిటర్స్ షెడ్డులో కూర్చుని ఉంది. పక్క బల్ల దగ్గర రుక్సానా వాళ్ళమ్మ, కూతురి వంకర భుజాన్ని నిమురుతూ సరిగ్గా తినడం లేదని తిడుతోంది. నేను పరుగెత్తుకుంటూ వెళ్తాను. అక్క నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడుతుంది.

"నమస్తే మేడం. ఝాన్సీ అని మా చెల్లె, ఫస్టియర్. జర పిలుస్తరా?"

అక్క నన్ను 'మేడం' అనడం పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"అక్కా, నేనే."

అక్క నా ముఖంలోకి ఓపిగ్గా చూస్తుంది. "మీరు సుత నాకు చెల్లె లెక్కనే. కని నాకు మా ఝాన్సీ గావాలె."

"నా కొలతలు నీకు నోటికొచ్చు గదా. కొలిచి చూడు."

టేపు లేకుండా అక్క గడప దాటదు. బ్యాగులోంచి తీసి నా భుజం కొలుస్తుంది, చెయ్యి పొడుగు కొలుస్తుంది. ముఖం వాడిపోతుంది.

"మా చెల్లె భుజం పదమూడున్నర. మీది పదిహేను. టేపు అబద్ధమాడదు మేడం."

నాకు ఏడుపు ముంచుకొస్తుంది. మాధవీలత కళ్ళకు ఏడవడం అలవాటు లేదు, ఒక్క చుక్క కూడా రాదు.

అక్క పక్కనున్న కవరులోంచి కొత్త డ్రెస్సు తీస్తుంది. చిలకపచ్చ రంగు, నా కొలతలకు కుట్టింది. బల్ల మీద పెట్టగానే అది లేచి నిలబడుతుంది. చేతులు నిండుతాయి, భుజాలు సర్దుకుంటాయి.

"గిప్పుడా అచ్చేది? నేనచ్చి గంటాయె!" అని అక్క దాన్ని కసురుతుంది. కసురుతూనే కళ్ళు తుడుచుకుంటుంది.

"అక్కా, అందులో ఎవరూ లేరు."

"కొలత సరిపోయింది గద మేడం," అంటుంది అక్క, దాని మెడ దగ్గర దారప్పోగు తెంపుతూ.

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోస్తాడు. డ్రెస్సు కుడి చెయ్యి పెన్ను తీసుకుని నా సంతకం పెడుతుంది. నేను పెట్టినప్పటికంటే బాగా వస్తుంది. గేటు బయట అక్కా డ్రెస్సూ బస్సెక్కుతారు, కిటికీ పక్క సీటు డ్రెస్సుకి ఇచ్చి అక్క ఇటు కూర్చుంటుంది. నేను కిటికీ కింద నిలబడి, అక్కా అక్కా అని అరుస్తున్నాను.

అక్క పర్సులోంచి నా ఆధార్ కార్డు తీసి చూపిస్తుంది. కండక్టర్ కార్డులోని ఫొటో చూస్తాడు, డ్రెస్సు మెడ పైన ఖాళీలోకి చూస్తాడు, తలూపి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇస్తాడు.

బస్సు కదులుతుంది. అక్క ఆ ఖాళీలోకి దువ్వెన పెట్టి చిక్కు తీయడం మొదలుపెడుతుంది. గట్టిగా లాగిన చోట డ్రెస్సు భుజాలు పైకి ముడుచుకుంటుంది, చిన్నప్పటి నుంచి నేను ముడుచుకున్నట్టే. నాకు మాత్రం ఎక్కడా నొప్పి లేదు.