గురమ్మత్త రెండో పుస్తకం

గురమ్మ జమ్మలమడుగులో ఒక కట్ట తెల్లకాగితాలు కొన్నదన్న వార్త, గురమ్మ ఎక్కిన బస్సు కంటే ముందే సిరిగేపల్లెకు చేరింది. బస్సు ఆగేసరికి ఊళ్లో సగం తలుపులు మూసి ఉన్నాయి. మిగతా సగం తలుపుల వెనక జనం నిలబడి, ఆమె చేతిలోని సంచిని అందులో తాచుపాము ఉన్నట్టు చూశారు.

ఊరు భయపడటంలో తప్పులేదు. గురమ్మ జాకెట్లు కుట్టే మనిషి. కానీ ఇరవై ఏళ్ల కిందట ఒక నవల రాసింది. పేరు 'తాళం డ్రమ్ము'. కడపలో ఎవరో అచ్చువేశారు, దానికి బహుమతి కూడా వచ్చింది. ఆ తర్వాత ఆమె ఇంకో నవల రాయలేదు. వేరే ఊళ్లో అయితే ఒక్క నవలతో ఆగిపోయిన రచయితను చూసి జనం జాలిపడతారు, రెండోది ఎప్పుడని అడుగుతారు. సిరిగేపల్లెలో మాత్రం రెండోది రానందుకు ఏటా గంగమ్మకు పొట్టేలు కొట్టే ఇళ్లున్నాయి.

ఆ నవల వల్ల అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది ఓబులేసు ఇల్లు. అందులో గోవిందు అని ఒక పిసినారి ఉంటాడు. కరువు ఏడాది ట్యాంకరు నీళ్లు పట్టుకుని, డ్రమ్ముకు మూత బిగించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్లడిగితే, ఆ చుట్టానికి నిజంగానే దప్పికయిందా అని ముందు విచారిస్తాడు. పుస్తకం ఊళ్లోకి వచ్చిన రోజు సాయంత్రానికల్లా, చదవడం రానివాళ్లు కూడా ఆ గోవిందు ఎవరో తేల్చేశారు. డ్రమ్ముకు తాళం వేసిన మనిషి ఊళ్లో ఒక్కడే. ఓబులేసు నాయన, చెన్నప్ప.

సిరిగేపల్లెలో ఇంటిపేరు పెళ్లిపత్రికకు మాత్రమే పనికొస్తుంది. మిగతా రోజులన్నిటికీ ఊరు పెట్టిన పేరే. వాళ్లది డ్రమ్మోళ్ల ఇల్లయింది, వాళ్ల పొలం డ్రమ్మోళ్ల చేను అయింది. చెన్నప్ప పోయినప్పుడు బస్టాపు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో 'డ్రమ్ము చెన్నప్ప గారికి అశ్రునివాళి' అని పడింది. అది వేయించింది పగవాళ్లు కాదు, సొంత అల్లుడు. అట్లా రాయకపోతే పోయిందెవరో జనానికి అర్థం కాదని అతని వాదన.

ఇప్పుడు ఓబులేసు గండికోట రోడ్డు మీద నాలుగు గదుల లాడ్జి కట్టాడు. 'శ్రీ ఓబులేశ్వర లాడ్జి' అని రాత్రిపూట వెలిగే బోర్డు పెట్టాడు. వారం తిరక్కముందే ఎవరో ఫోన్ మ్యాపులో దాన్ని 'డ్రమ్ము లాడ్జి' అని గుర్తుపెట్టారు. బెంగళూరు నుంచి ఫోన్ చేసేవాళ్లు, సాయంత్రం పూట ఏమేం వాయిస్తారని అడుగుతున్నారు. ఇంకో పుస్తకం వచ్చి, అందులో ఇంకో పేరు పడితే, అది తన పిల్లల్ని, వాళ్ల పిల్లల్ని కూడా వదలదు.

"పెన్నుల డబ్బా గూడా కొనిందంట," అంది అతని భార్య నాగజ్యోతి, సంగటి ముద్ద పెడుతూ.

"జాకెట్లకు పెన్నులేంటికి?"

"అదే గదా నేను జెప్తాండేది. మొన్న మన లాడ్జి ముందర నిలబడి పైకి చూస్తాండె."

"పైన ఏముండాది?"

"నీళ్ల ట్యాంకి."

ఓబులేసు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఊరికే చూసిందా, శానా సేపు చూసిందా?"

"ఇంటికి పోయి రాసుకునేటంత సేపు చూసింది."

గురమ్మ ముందు మాట్లాడే పద్ధతి ఆ ఊళ్లో వేరే ఉంది. తమ మాటలు ఉన్నవి ఉన్నట్టు, తిట్లతో సహా అచ్చయ్యాక, అందరూ ఒక జాగ్రత్త నేర్చుకున్నారు. ఆమె వినేటట్టుంటే టీవీలో వార్తలు చదివేవాళ్లలా మాట్లాడాలి. రేపు పుస్తకంలో పడినా మర్యాదగా పడతాం. కాగితాల కట్ట దిగాక ఈ జాగ్రత్త బాగా ముదిరింది. పుట్టినప్పటి నుంచి ఎవరినీ మర్యాదగా పిలవని టీ అంగడి అయ్యన్న, "విచ్చేయండి గురమ్మ గారూ, తేనీరు సేవించెదరా?" అన్నాడు. మొగుణ్ణి చీపురుతో తరుముతూ వీధిలోకొచ్చిన రామేశ్వరమ్మ, ఎదురుగా గురమ్మ కనబడగానే చీపురు దించి, "స్వామీ, తమరి ప్రవర్తన నాకు మిక్కిలి వేదన కలిగించుచున్నది," అంది. మొగుడు చేతులు కట్టుకుని విచారం వ్యక్తం చేశాడు. గురమ్మ మలుపు తిరిగాక ఇద్దరూ ఆపిన చోటి నుంచి మొదలుపెట్టారు. ఏసుకుమార్ తన మేకను 'మీరు' అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మేక మాట వినడం అదే మొదలు.

ఓబులేసు అంతటితో ఆగలేదు. పిసినారి కొడుకు పిసినారి అని రాస్తుందేమో, రాయకముందే అడ్డం కొట్టాలనుకున్నాడు. లాడ్జి ముందు పందిరి వేసి, కొత్త కుండలు పెట్టి, చలివేంద్రం తెరిచాడు. డిసెంబరు నెల. కోట మీది గాలికి దుప్పటి కప్పుకుని పోతున్న టూరిస్టుల కార్లు ఆపి మరీ చన్నీళ్లు తాగించాడు. వాళ్లు భయపడి తాగారు.

గురమ్మ ఆ దారినే వచ్చింది. కుండల వైపు చూసింది, ఓబులేసు వైపు చూసింది.

"ఏం ఓబులేసా, ఒంట్లో బాగుండాదా?"

"దాహార్తుల సేవయే నా జీవిత ధ్యేయం, గురమ్మ గారూ."

ఆమె ఇంకేం అనకుండా వెళ్లిపోయింది. ఆ అనకపోవడమే ఓబులేసుకు నచ్చలేదు. ఏదో ఒకటి అంటే ఇంత అని లెక్క తెలుస్తుంది. ఏమీ అనని మనిషి ఎంతైనా రాయొచ్చు.

మర్నాడు పొద్దున లాడ్జి గదులకు కర్టెన్లు కుట్టించాలన్న వంకతో, గుడ్డ మూట స్కూటరు ముందు పెట్టుకుని గురమ్మ ఇంటికి పోయాడు. పంచలో కుట్టుమిషను, దాని పక్కన కాగితాల కట్ట, కట్ట మీద కత్తెర. ఓబులేసు గుడ్డ కొలతలు చెబుతున్నాడు గానీ కన్ను కత్తెర కింద ఉంది. ఇంతలో లోపల కుక్కరు కూత పెట్టింది. గురమ్మ లేచి పోగానే కత్తెర పక్కకు జరిపాడు.

మొదటి కాగితం మీద 'ఒకటో అధ్యాయం' అని ఉంది. కింద, 'విచ్చేయండి, తేనీరు సేవించెదరా అన్నాడు అయ్యన్న.' కొట్టేసి ఉంది. తర్వాతి కాగితంలో రామేశ్వరమ్మ వేదన. కొట్టేసి ఉంది. ఇంకో కాగితంలో మేక. అదీ కొట్టేసి ఉంది. ఓబులేసు గబగబా తిప్పాడు. అన్నిటికంటే అడుగున, 'దాహార్తుల సేవయే నా జీవిత ధ్యేయం.' దాన్ని రెండుసార్లు కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: 'వీనికేం రోగం?'

"సదివినావా?"

గురమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లద్దాలు దారానికి వేలాడుతున్నాయి.

"తమరి రచనా వ్యాసంగము..."

"అత్తా అను ఓబులేసా. నీకు చెడ్డీలు కుట్టిచ్చిన చెయ్యి ఇది."

అతను కాగితాలు కింద పెట్టాడు. "అంతా ఏంటికి కొట్టేసినావత్తా?"

"ఎవురన్నా మాట్లాడ్తే గదప్పా రాసేది." గురమ్మ మిషను ముందు కూర్చుంది. "అప్పుడు ఆడోళ్లు ఆది జాకెట్టు ఇచ్చేకి వచ్చి, పొద్దు గుంకేదాకా ఈడ్నే కూచ్చోని మాట్లాడ్తాండ్రి. అత్తల్ని తిడ్తాండ్రి, నవ్వుతాండ్రి, ఏడుస్తాండ్రి. నేను మిషను తొక్కుతా వింటాంటి. ఆ పుస్తకమంటే అదే. ఇప్పుడు ఆది జాకెట్టు ఈడ పెట్టి, గుళ్లో మాదిరి దండం పెట్టి పోతాండారు. ఊర్లో ఎవురికి ఎవురు పడదో గూడా నాకు తెలీదు. ఒకటి రాసి ఇంకోటి ఏంటికి రాయలేదని కడపలో అందరూ అడుగుతారు. ఏం జెప్పల్ల? మా ఊరోళ్లు నాతో వార్తలు సదువుతాండారని జెప్పల్లనా?"

ఓబులేసు మనసు కుదుటపడాల్సింది. రెండో పుస్తకం లేదు, వచ్చే దారి కూడా లేదు. కర్టెన్ల గుడ్డ ఇచ్చేసి పోతే సరిపోయేది. కానీ ఇంత నిజం చెప్పిన మనిషి ఇంకొంచెం చెప్పదా అనిపించింది.

"ఒక మాట అడుగుతా. అబద్ధం చెప్పొద్దు. ఆ గోవిందు మా నాయనేనా?"

ఆ ప్రశ్న ఎవరు అడిగినా గురమ్మ ఇన్నేళ్లూ కాదనే చెప్పింది. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని అతని మొహం చూసింది.

"మీ నాయన్నే."

ఇరవై ఏళ్లుగా తెలిసిన సంగతే. అయినా ఆమె నోటి నుంచి వినేసరికి ఓబులేసుకు మర్యాద, వార్తలు, జీవిత ధ్యేయం, అన్నీ మరుపున పడ్డాయి.

"ఏం జూసినావని రాసినావత్తా? డ్రమ్ముకు తాళమేసినాడు, నిజమే. ఏంటికేసినాడో ఎవురినన్నా అడిగినావా? ఆ యాడాది మా జేజికి, మా నాయన్ను కన్న తల్లికి, మతి చెడె. మా బర్రె సచ్చిపోయిన సంగతే ఆమెకు గ్యాపకం ల్యా. ఎవురూ ల్యాకుండా చూసి, డ్రమ్ములో నీళ్లన్నీ బిందెతో ముంచి తెచ్చి బర్రె తొట్లో పోస్తాండె. పొద్దన పట్టిన ట్యాంకరు నీళ్లు మద్యాన్నానికి తొట్లో ఉంటాండె. 'పాపం నోరులేంది, దప్పిక్కి అల్లాడ్తాంది' అంటాండె. యాడ అల్లాడేది? దాన్ని పూడ్చి శానా దినాలాయ. బర్రె ల్యా, సచ్చిపోయ అని చెప్తే కూలబడి ఏడుస్తాది. మళ్లా మరిసిపోతాది. మళ్లా బిందె ఎత్తుకుంటాది. దినామూ కొత్తగా చెప్పల్ల, దినామూ కొత్తగా ఏడుస్తాది. మా నాయన చెప్పలేక తాళమేసినాడు."

గురమ్మ పక్కనున్న కుర్చీ చూపించినా ఓబులేసు కూర్చోలేదు.

"చుట్టాలకు నీళ్లియ్యలేదంటివి. ఆ యాడాది మా ఇంటికి చుట్టాలే రాల్యా. ఎవురింటికి ఎవురు పొయ్యేటట్లుండె? ఊరికి తెలిస్తే మా జేజిని పిచ్చిదంటారని నాయన నోరు మూసుకున్యాడు. పిసినారోడన్యారు, నవ్వినారు, అన్నీ పడినాడు. నువ్వు ఒక్క మాట అడిగింటే... అడిగినా నీకు జెప్పింటాడా, జెప్పడు లే."

ఓబులేసు ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఏం చేశాడో. నాయన చచ్చేదాకా దాచిన మాటను, ఊళ్లో ఎవరి ముందు నోరు విప్పకూడదో ఆ మనిషి ముందే గుమ్మరించాడు.

"ఇది రాస్తావు," అన్నాడు అనుమానంగా.

"నువ్వు వద్దంటే రాయను."

"అట్లనే అంటావు. నేను స్కూటరు తీస్తానే రాస్తావు."

"రాయనప్పా. ఆ పుస్తకం గూడా ఇంక ఎవుర్నీ అచ్చేయనీను. నాకు చేతనయ్యేది అంతే. ఇంగ నీ ఇష్టం."

ఓబులేసు మెట్లు దిగి స్కూటరు దగ్గరికి పోయాడు. తాళంచెవి పెట్టి, తిప్పకుండా నిలబడ్డాడు. రాస్తే జేజి సంగతి ఊరికి తెలుస్తుంది. ఈ ఊరివాళ్ల సంగతి ఎవరికి తెలియదు, సాయంత్రానికల్లా పిల్లలకు పిచ్చోళ్లన్న పేరు తగిలిస్తారు. రాయకపోతే నాయన ఇక ఎప్పటికీ గోవిందే. ఆయన కావాలనే ఆ పేరు మోశాడు. ఆయన మోసినదాన్ని దించడానికి తనెవరు? కానీ ఆయన మోసినట్టు కూడా ఎవరికీ తెలియకపోవడమేంది? ఎటు తిప్పి చూసినా ఇందులో ఎక్కడో మోసం ఉందనిపించింది. మోసం చేస్తున్నదెవరో మాత్రం తేలలేదు.

మళ్లీ మెట్లెక్కి వచ్చాడు.

"రాయి. కానీ నా ముందరే రాయల్ల. నేను పోయినాంక ఒక్క అచ్చరం ముట్టుకోగూడదు."

గురమ్మ కొత్త కాగితం తీసింది. రాయడం మొదలుపెట్టింది. ఓబులేసు ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం రాసినావు? సదువు."

"'మా అవ్వకు మతి చలించింది అన్నాడు ఓబులేసు.'"

"అవ్వ అనల్యా నేను. జేజి. చలించేదేంది, మతి చెడింది. నా ముందరే ఇట్ల మారిస్తే, ఎనకల ఇంకెంత మారుస్తావో."

గురమ్మ కొట్టేసి మళ్లీ రాసింది. "'పాపం నోరులేనిది, దాహంతో అల్లాడుతోంది...'"

"దప్పిక్కి. దప్పిక్కి అల్లాడ్తాంది."

ఆమె అదీ దిద్దింది. ఎదురింటి తలుపు సందులో రామేశ్వరమ్మ సగం మొహం కనిపించింది. ఓబులేసు చూశాడు గానీ గొంతు తగ్గించలేదు.

"బర్రెకు ఎడమ పక్క కొమ్ము ఇరిగింటాది. అది రాసినావా?"

"నువ్వు చెప్పలేదు గదప్పా."

"ఇప్పుడు చెప్తాండా గదా, రాయి," అని, ఆమె రాసేది తనకూ కనిపించేటట్టు కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.