ఎదురుగా ఎవరూ నిలబడకూడదు

ఆ బొమ్మల షెడ్డులో పొద్దున్నే ముందు వినిపించేది అన్నయ్య దగ్గు, ఆ తర్వాత చెల్లెలి మీద కేకలు. మట్టి తొక్కడం, బొమ్మకి చేతులూ ఆయుధాలూ అతికించడం ఆయన పని. కళ్ళు దిద్దడం మాత్రం చెల్లెలిది. అందుకే అసలు పేరు మర్చిపోయి అందరూ ఆవిడని కళ్ళమ్మ అనేవాళ్ళు.

ఉగ్రరూపం అమ్మవారికి కళ్ళు దిద్దేటప్పుడు ఎదురుగా నీళ్ళగిన్నె పెట్టాలి. రెండో కన్ను పూర్తయి తొలిచూపు పడగానే ఆ నీళ్ళు కుతకుతా ఉడికిపోతాయి. గ్యాసు కలిసొస్తుందని అన్నయ్య అందులోనే టీపొడి వేసేసేవాడు. ఓసారి గిన్నె మర్చిపోతే ఎదురుగోడకున్న క్యాలెండరు భగ్గుమంది. "ఇంకా నయం, పోయినేడాదిది" అనుకుంటూ బూడిద ఊడ్చేశారు.

ఆ రోజు భద్రకాళి వంతు. ఒక కన్ను అయింది, రెండోది మిగిలింది. కళ్ళమ్మ చెయ్యి వణుకుతోంది. పాపని తీసుకుని అన్నయ్య దగ్గరికి వచ్చేసిన ఆవిడకి, సాయంత్రం వస్తానని మొగుడు కబురు పెట్టాడు మరి. నువ్వూ వస్తే రా, లేదంటే పిల్లని తీసుకుపోతా అన్నాడట.

"పిల్లకి తండ్రంటూ ఉండాలి కదే" అన్నాడు అన్నయ్య. "మగాడన్నాక ఓ దెబ్బ వేస్తాడు. సర్దుకుపోవాలి."

"దెబ్బలైతే సర్దుకునేదాన్నే అన్నయ్యా. ఆఖరుసారి విసిరిన వేడినూనె పాప పక్కనే పడింది."

ఆయన మట్టి తొక్కడంలో పడ్డాడు.

పాప బొమ్మకేసి చూస్తోంది. "అమ్మా, ఈవిడ నాలుకెందుకు బయటపెట్టింది? ఎవర్నైనా వెక్కిరిస్తోందా?"

"కాదే పిచ్చిదానా. రాక్షసుడి నెత్తురు నేలమీద పడితే మళ్ళీ పుడతాడు. పడనివ్వకుండా తాగేస్తోంది."

"నాకు భయమేస్తోంది."

"ఆ కోరలూ కత్తీ నీక్కాదు. ఎత్తిన కుడిచెయ్యి చూడు, అదీ నీకు. భయపడకు అంటోంది."

చెప్పడానికేం, చక్కగా చెప్పింది. బయట బండి చప్పుడయ్యేసరికి తనే బొమ్మ పక్కకి ఒదిగిపోయింది.

మొగుడు చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు. నీళ్ళగిన్నెని కాలితో పక్కకి తన్ని సరిగ్గా అమ్మవారి ఎదురుగా నిలబడ్డాడు. "ఊఁ, పద. బట్టలు కూడా సర్దక్కర్లేదు."

కళ్ళమ్మ చేతిలో కుంచె ఉంది. ఒక్క చుక్క పెడితే పీడ విరగడైపోతుంది. తప్పంటే అనండి, ఆవిడ కుంచె ఎత్తనే ఎత్తింది. ఈలోగా ఆ దుర్మార్గుడు పాపని లాగి ఎత్తుకుని గుండెలకి అడ్డంగా పట్టుకున్నాడు.

ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏంటలా చూస్తావ్? నువ్వు రాకపోతే పో. ఇది నాతో వస్తుంది."

పాప ఏడుస్తూ చేతులు చాచింది. ఆ ఏడుపు విన్న కళ్ళమ్మ, బూడిదైతే అవుతాను గానీ ఈ భయంతో ఇంక బతకను అనుకుంది. గబగబా వచ్చి పిల్లకి అడ్డంగా, అమ్మవారికి ముఖాముఖి నిలబడి కుంచె చాచింది.

"ఒసేయ్, ఎదురుగా నిలబడకే! మాడి మసైపోతావే!" అన్నయ్య గొంతు చించుకున్నాడు.

చుక్క పెట్టేసింది.

జుట్టు కమిలిన వాసన వచ్చింది. అంతే. మెల్లగా మొగుడి వైపు తిరిగింది. వెనక బొమ్మ కళ్ళు చూస్తే, పిల్లని జోకొట్టి పడుకోబెట్టిన తల్లి కళ్ళలా ఉన్నాయి. వాటిలోని ఎరుపంతా కళ్ళమ్మ కళ్ళలోకి వచ్చేసింది. చేతి వణుకు ఎటుపోయిందో పోయింది.

"పిల్లని దించు" అంది. కేకైనా వెయ్యలేదు.

వాడి చొక్కా కాలరు దగ్గర పొగ లేచింది. పిల్లని నేలమీద దించి, వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటి, బండి కూడా అక్కడే వదిలేసి ఒకటే పరుగు.

అన్నయ్య మట్టికుప్ప వెనక నక్కి రెండు చేతులూ జోడించాడు. "నా మాటలు మనసులో పెట్టుకోకు తల్లీ, తప్పయిపోయింది" అన్నాడు. తలెత్తి చెల్లెలి మొహం చూడ్డానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

పాప తిన్నగా వెళ్ళి తల్లి చంకెక్కింది. ఆ మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అమ్మా, ఆకలేస్తోందే" అంది.