ఇప్పచెట్టు ముందు ఎర్ర రేకు

నేను ఒక రేకు ముక్కను. ఖమ్మంలో బోర్డులు రాసే పెయింటరు, పెళ్లి స్వాగత బోర్డుకు కలిపిన ఎరుపు మిగిలితే పారబోయడం ఇష్టం లేక నాకు పూశాడు. మీద తెల్లటి పుర్రె గీసి, కింద ‘ప్రమాదం, మందుపాతరలు’ అని రాశాడు. పొద్దుటి నుంచి వధూవరుల మొహాలు గీసిన చెయ్యి కదా, పుర్రె కూడా కాస్త నవ్వుతున్నట్టే వచ్చింది. ఆ నవ్వుతోనే గోదావరి అవతల ఒక కోయగూడెంలో, ఇప్పచెట్టుకు పోయే దారిలో నన్ను పాతారు.

ఆ చెట్టు కారం ఇడమయ్య ఇంటివాళ్లది. ఎవరి గొడవ కోసమో ఎవరో పాతిన మందుపాతర మీద అడుగేసి, ఇడమయ్య తండ్రి అక్కడే కాలు పోగొట్టుకున్నాడు. అందుకే మొదట్లో నా పని చూసుకుని గర్వపడ్డాను.

సిగ్గు తర్వాత మొదలైంది. ఎల్ల మీద నిలబడి మనుషుల్ని ఆపేది పొలిమేర దేవతే కదా అని గూడెంవాళ్లు నాకు పసుపు పూశారు. ఒక ముసలమ్మ కోడిని కోస్తానని కూడా మొక్కుకుంది. నా కింద మట్టిలో ఏముందో నాకే తెలియదు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇడమయ్యకు పెళ్లయింది. కోడలి పేరు సుక్కి. కొత్త కోడలు తమ చెట్టు కింద తొలి పూలు ఏరి తెచ్చేదాకా ఆ ఇంట్లో చుట్టమే, పొయ్యి ముట్టించనివ్వరు. ఇప్పపూలు రాలడం మొదలైంది. తేనె వాసన నా దాకా వచ్చేది. సుక్కి ఖాళీ బుట్టతో వచ్చి, నా ఇవతలే నిలబడి చూసేది.

అప్పుడే మందుపాతరలు తీసే బృందం వచ్చింది. వాళ్ల పెద్ద విమల. కౌశిక్ అనే ఇంజనీరు, మట్టి లోపలిని చూసే చిన్న చక్రాల బండిని తెచ్చాడు. అది చెట్టు చుట్టూ తిరిగి వచ్చింది.

“ఏమీ లేదు మేడమ్. బోర్డు పీకేద్దాం.”

“నీ బండిని నేను నమ్ముతాను కౌశిక్. నిబంధన నమ్మదు. మనిషి చేత్తో వెతికాక, నేను సంతకం పెడితేనే నేల వీళ్లది.”

“ఆ నిబంధన రాసేనాటికి ఈ యంత్రమే పుట్టలేదు కదండీ!”

“రేపు పేలితే నీ బండిని బోనెక్కిస్తారా? నన్నెక్కిస్తారు. నా సంగతి పోనీ, బుట్టతో నిలబడ్డ ఆ పిల్ల కాలు ఎవరిస్తారు?”

కౌశిక్ బండిని పక్కకు తీశాడు. వెతకడం మొదలైంది. మోకాళ్ల మీద కూర్చుని, జానెడు జానెడు నేల. ఒకరోజు సుక్కి నా ముందు చేతులు జోడించింది.

“అమ్మా, మా పూలన్నీ మట్టిపాలైతన్నయి. ఒక్క పూట పక్కకు జరుగు తల్లీ. బుట్టెడు ఏరుకొని పోత.”

నన్ను బిగించిన గుంజ కూడా నాది కాదని ఆమెకు ఎలా చెప్పను?

చేతులు చెట్టు మొదలు దాకా చేరాయి. ఏమీ దొరకలేదు.

“బండి ముందే చెప్పింది” అన్నాడు కౌశిక్ నీరసంగా.

“చెప్పింది. దాని మాట కూడా చెల్లేలా నిబంధన మార్చమని అడుగుతాను” అంది విమల. చెట్టు వైపు చూడకుండా సంతకం పెట్టింది. అప్పటికే పూలు రాలడం అయిపోయి, కొమ్మలకు కొత్త చిగురు వచ్చేసింది.

సుక్కి వాడిన పూలే ఏరింది. బుట్ట అడుగు కూడా నిండలేదు. అత్త మూతి ముడిచింది. కర్ర ఊతంగా నిలబడ్డ మామ నవ్వాడు.

“నిండాలని ఎవడన్నడే? రెండు కాళ్లతో పోయి, రెండు కాళ్లతో వచ్చింది. పొయ్యి ముట్టించమను.”

భయపెట్టే బోర్డు ఊళ్లో మిగలకూడదట. విమల నా రంగంతా గీకించి, ఒట్టి రేకును సుక్కికి ఇచ్చింది. ఇప్పుడు వాళ్ల వాకిట్లో ఎండలో వెల్లకిలా పడి ఉన్నాను. సుక్కి ఆ పూలను నా మీద ఒక్కొక్కటే పరుస్తూ, ఇడమయ్యతో ఏదో చెప్పి నవ్వుతోంది. రంగు పోయిన ఈ బోసి ఒళ్లు ఆ పూలతో కప్పుకుందామని చూస్తున్నాను. సగం కూడా రావడం లేదు.